నాలుగంగుళాల గ్రైండర్‌కి ఏడంగుళాల డిస్కా? కొన్ని అపోహలు, వాస్తవాలు

పర్లాకిమిడిలో మాది చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు. గేట్లు, గ్రిల్స్, రేకుల షెడ్లు చేస్తాం. నాన్న వడ్రంగి కాబట్టి వెనక గదిలో ఆయన ఉలులు, బాడిశ, చిత్రిక ఇంకా ఉన్నాయి. నెలకి ఒకరిద్దరైనా ఒకటే కోరికతో వస్తారు. చేతిలో నాలుగంగుళాల గ్రైండర్ (ఇనుము కోసే, అరగదీసే చేతి మిషన్), సంచిలో ఏడంగుళాల కటింగ్ డిస్కు. "బొక్క పెద్దదైపోయింది మావా, లేత్ మీద చిన్న బుష్ తిప్పివ్వు. గార్డు నేనే తీసేసినాను."

బుష్ అంటే పెద్ద బొక్కని చిన్న ఇరుసుకి సరిపెట్టే ఇనుప రింగు, గార్డు అంటే డిస్కుని సగం కప్పే ఇనుప రేకు. నేను బుష్ తిప్పివ్వను. అలిగి ఇంకో షాపుకి పోతారని తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: డిస్కు పట్టిందంటే చాలు, పని జరిగిపోతుంది.

వాస్తవం: నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. ఏడంగుళాల డిస్కు మీద చూడండి, సాధారణంగా 8,500 అని అచ్చేసి ఉంటుంది. అది అంతకు మించి తిప్పకూడదన్న హద్దు. ఆ హద్దులోనే డిస్కు అంచు గంటకి 288 కిలోమీటర్ల వేగంతో పోతుంది. చిన్న మిషన్‌కి వేస్తే 370 దాటుతుంది. వేగం పెరిగింది మూడో వంతు లోపే, కానీ డిస్కుని చీల్చే బలం మూడింట రెండు వంతులు పెరుగుతుంది. డిస్కు అంటే ఏమిటి? గట్టి గరుకు పొడిని జిగురుతో కలిపి, మధ్యలో గాజునార వల వేసి నొక్కిన బిళ్ళ. పగిలితే ముక్కలు ఎటు పోవాలో చెప్పేది ఆ గార్డు ఒక్కటే. దాన్ని తీసేస్తేగానీ పెద్ద డిస్కు పట్టదు. పెద్ద డిస్కు వేశాక అన్నిటికంటే ఎక్కువగా కావలసింది అదే.

చిన్న డిస్కు బొక్క 16 మిల్లీమీటర్లు, పెద్దదానిది 22. ఆ తేడా మనకి అడ్డుపడి మంచే చేస్తోంది. మనమేమో బుష్ వేసి ఆ అడ్డు కూడా తీసేస్తున్నాం. చెప్తే ఒడియావాళ్ళు "కిచ్ఛి హెబొ నాహి" అంటారు, మనవాళ్ళు "ఏటీ అవ్వదు" అంటారు. రెండు భాషల్లో వినీ వినీ చెవులు తుప్పు పట్టాయి.

అపోహ: గ్రైండర్‌కి చెక్క బ్లేడు వేసుకుంటే రంపం అక్కర్లేదు.

వాస్తవం: నా ఎడమ ముంజేతి మీద ఏడు కుట్లున్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లాలోనూ, అటు శ్రీకాకుళంలోనూ చెట్లు, రేకులు, కరెంటు స్తంభాలు అన్నీ ఒకేసారి పడ్డాయి. అత్తగారింటి పెరట్లో పనస చెట్టు అడ్డంగా పడింది. కరెంటు లేదు. జనరేటర్ తెచ్చి, గ్రైండర్‌కి పళ్ళ బ్లేడు బిగించి కొమ్మ కోయడం మొదలుపెట్టాను. అప్పటికి ఈ పనిలో నాకు పదహారేళ్ళు. అంటే తెలియక చేసింది కాదు, తొందర.

కొమ్మ రెండు చివర్లూ నేలకి ఆని ఉన్నాయి, మధ్యలో ఎత్తుగా ఉంది. సగం కోయగానే బరువుకి కుంగి, కోసిన సందు మూసుకుంది. పచ్చి కర్ర బ్లేడుని పళ్ళతో పట్టినట్టు పట్టేసింది. బ్లేడు ఆగిపోతే మోటారు బలమంతా ఎక్కడికి పోతుంది? మిషన్ ఎగిరి మీదకి వచ్చింది. చేతిలోంచి జారింది గానీ ఆగలేదు, ఎందుకంటే స్విచ్చి లాక్‌లో ఉంది. బురదలో గిరగిరా తిరుగుతుంటే బావమరిది పరిగెత్తి జనరేటర్ ఆపాడు.

ఇనుము కోసే డిస్కు ఇరుక్కుంటే విరుగుతుంది. పళ్ళ బ్లేడు విరగదు, కొరికి పట్టుకుని తంతుంది. చెక్క పలక కోయాలంటే సర్క్యులర్ సా (గుండ్రటి బ్లేడు తిరిగే కరెంటు రంపం) వాడండి. దానికి చెక్క మీద ఆనే ప్లేటు, కోత అయిపోగానే స్ప్రింగుతో మూసుకునే గార్డు ఉంటాయి. మార్బుల్ కట్టర్‌కి ప్లేటైనా ఉంది, కింద మూసే గార్డు లేదు. కొమ్మకైతే చేతిరంపం. ఆలస్యమవుతుంది, అవనివ్వండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

చేజారి కింద పడిన డిస్కు పైకి బాగానే కనిపించినా పారేయండి. మధ్యలోని ఇనుప రింగు మీద గడువు నెల, సంవత్సరం ఉంటే చూడండి, ఎందుకంటే తేమకి జిగురు బలం తగ్గుతుంది. కటింగ్ డిస్కు పక్క భాగంతో అరగదీయకండి. డిస్కు మార్చేటప్పుడు ప్లగ్గు పీకండి.

గ్లవ్స్ వేసుకుంటే ఎప్పుడూ క్షేమం అన్నది సగం నిజమే. వెల్డింగ్‌కి, గ్రైండింగ్‌కి బిగుతైన తోలు గ్లవ్స్ సరే. డ్రిల్ మిషన్ దగ్గర నూలు గ్లవ్స్ వద్దు. ఒక్క దారం చుట్టుకుంటే చెయ్యి వెనకే వెళుతుంది. మొద్దు ఉలి పిల్లలకి మంచిదని ఇచ్చే తండ్రులున్నారు. మొద్దు ఉలిని బలంగా నెట్టాలి, నెడితే జారుతుంది. పదునుగా ఉన్నదే మాట వింటుంది.

జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనుప పైపు) వెల్డింగ్ పొగకి పాలు, బెల్లం విరుగుడు కాదు. పొగ ఊపిరితిత్తుల్లోకి పోతే బెల్లం కడుపులోకి పోతుంది. తలుపులు తెరవండి, వీలైతే జింకు పూత గీకేసి వెల్డింగ్ చేయండి, మాస్క్ పెట్టుకోండి.

కొడుకుని పనికి పంపిన ఒకామె నన్నడిగింది, రాత్రి వాడి కళ్ళల్లో ఇసుక పోసినట్టుందట, చూపు పోతుందా అని. వెల్డింగ్ వెలుగు తగిలితే కొన్ని గంటల తర్వాత అలాగే మండుతుంది, మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. టెన్షన్ పడకమ్మా అన్నాను. బంగాళదుంప ముక్కలు, తల్లిపాలు వద్దు, మొద్దుబార్చే చుక్కలు పదేపదే వేయొద్దు, తగ్గకపోతే డాక్టర్‌కి చూపించు అన్నాను. కానీ గ్రైండర్ రవ్వ కంట్లో పడితే లెక్క వేరు. జేబురుమాలు కొసతో తీసే నిపుణులు ప్రతి షాపులోనూ ఉన్నారు, వాళ్ళ దగ్గరికి పోకండి. ఇనుప రవ్వ గుచ్చుకుని కొన్ని గంటలుంటే దాని చుట్టూ కంట్లోనే తుప్పు పడుతుంది. కంటి డాక్టరే తీయాలి, బరంపురం దాకా పోవలసి వచ్చినా సరే. పక్కలు మూసిన కళ్ళద్దాలు వందా నూటయాభైకి దొరుకుతాయి.

మొన్న బుష్ కోసం వచ్చిన కుర్రాడిని గార్డు ఎక్కడుందని అడిగాను. కాసేపు ఆలోచించి, ఇంట్లో దోమల చక్రం కింద పెట్టామన్నాడు. తెమ్మన్నాను. సాయంత్రం తెచ్చాడు, అంచున బూడిద ఇంకా అంటుకునే ఉంది. తుడిచి బిగించడానికి ఒక స్క్రూ, రెండు నిమిషాలు పట్టింది. ఏడంగుళాల డిస్కు మాత్రం కొన్న చోట మార్చివ్వలేదుట.