అల్యూమినియం కదా, తుప్పు పట్టదు కదా! పాత యుద్ధ విమానాలపై అపోహలు, వాస్తవాలు

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వైమానిక దళం మిగ్-21 యుద్ధ విమానానికి వీడ్కోలు పలికినప్పటి నుంచి నాకు ఫోన్లు ఎక్కువయ్యాయి. తిరుపతిలో ఇంజినీరింగ్ కళాశాల వారు, చిత్తూరు వైపు బడి నడిపేవారు, పార్కులో విమానం నిలబెట్టాలనుకునే కౌన్సిలర్లు అడుగుతున్నారు. సైన్యం వదిలేసిన విమానాన్ని తమ ఊరి పిల్లలకు చూపించాలన్న కోరిక నాకూ ఇష్టమైనదే. అయితే దాదాపు ప్రతి సంభాషణా ఒకే మాట దగ్గర ఆగుతుంది: "అల్యూమినియం కదా సార్, తుప్పు పట్టదు. ఒకసారి మంచి పెయింట్ వేయిస్తే ఇరవై ఏళ్లు చూసుకోనక్కరలేదు కదా?"

వైమానిక దళంలో ఎయిర్‌ఫ్రేమ్ (విమానపు బాడీ, రెక్కల) పని చేసి, పదవీ విరమణ తర్వాత ప్రదర్శనకు పెట్టిన విమానాల బాగోగులు చూస్తున్నవాణ్ణి నేను. ఈ ఒక్క నమ్మకం మింగేసినన్ని విమానాలను ఏ తుపానూ మింగలేదని నా అభిప్రాయం. అందుకే ముందుగా, వివరంగా దీని గురించే చెబుతాను.

అపోహ: అల్యూమినియం తుప్పు పట్టదు. పెయింట్ వేస్తే చాలు.

ఇంట్లో సత్తు గిన్నె ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉండటం చూసి విమానమూ అంతేననుకుంటారు. విమానపు రేకులో ఎక్కువగా వాడేది స్వచ్ఛమైన అల్యూమినియం కాదు. బలం కోసం అందులో సుమారు 4 శాతం రాగి, కొద్దిగా మెగ్నీషియం, మాంగనీసు కలుపుతారు. రాగి వల్ల బలం పెరుగుతుంది, తుప్పును తట్టుకునే శక్తి తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి రేకుకు రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పొర అతికిస్తారు. ఆ పొర సాధారణంగా ఒక్కో వైపు రేకు మందంలో 5 శాతం లోపే ఉంటుంది. విమానాన్ని దశాబ్దాలు కాపాడేది ఆ పలుచని పొర, దాని మీద వేసిన ప్రైమర్.

మన దగ్గర జరిగేది ఏమిటంటే, వార్షికోత్సవానికి వారం ముందు పెయింటర్లను పిలుస్తారు. వాళ్లు గేట్లకు, గ్రిల్స్‌కు రంగు వేసే మంచి పనివాళ్లే. గేటుకు చేసినట్లే గ్రైండర్‌తో, ఇనుప బ్రష్‌తో పాత రంగు గీకేస్తారు. ఆ పూట రేకు తళతళా మెరుస్తుంది, అందరూ మెచ్చుకుంటారు. గీకడంలో రక్షణ పొర పోయిందని, ఇనుప బ్రష్ వదిలిన సన్నని ఇనుప రజను రేకులో దిగబడిందని ఎవరికీ కనిపించదు. ఆ పైన ప్రైమర్ లేకుండా వెండి రంగు ఎనామెల్ వేస్తారు. దాని కింద ఇక తుప్పు తన పని మొదలుపెడుతుంది.

ఈ తుప్పు ఎర్రగా ఉండదు కాబట్టి ఎవరూ గుర్తుపట్టరు. ముందు రివెట్ల చుట్టూ తెల్లని పొడి కనిపిస్తుంది. తర్వాత రంగు పొక్కులు లేస్తుంది. చివరికి లోహమే పొరలు పొరలుగా ఉబ్బి విడిపోతుంది. ఆ దశలో వేలితో గట్టిగా నొక్కితే రేకు లోపలికి పోతుంది.

పుత్తూరు వైపు ఒక కళాశాలలో కిరణ్ శిక్షణ విమానం ఉండేది. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు తయారుచేసిన, ఎందరో పైలట్లకు పాఠం నేర్పిన విమానం. ఆవరణలో అడుగుపెట్టగానే కొత్త రంగు చూసి నాకు సంతోషమే కలిగింది. దగ్గరికి వెళ్లి పొట్ట కింద చూస్తే, నీరు కారిపోవడానికి ఉండే చిన్న రంధ్రాలన్నీ పుట్టీతో పూడ్చేసి ఉన్నాయి. "చిల్లులు పడ్డాయనుకుని మూసేశారు సామీ" అన్నాడు అక్కడి వాచ్‌మన్. అంతకు ముందే ఈశాన్య రుతుపవనాల వాన గట్టిగా కురిసింది. ఒక రంధ్రం తెరవగానే నల్లని నీళ్లు ధారగా కారాయి. లోపల పావురాల రెట్ట, ఆకులు, తేనెటీగల పాత పట్టు కుళ్లి కలిసిపోయాయి. ఫ్రేములను రెండు చోట్ల తుప్పు పూర్తిగా తినేసింది. ఆ విమానం ప్రాణంతో ఉండగా దానికి సేవ చేసిన మనుషులను నేను ఎరుగుదును. అది అలా చావడం చూడటం నాకు చాలా కష్టమైంది.

ఆ రంధ్రాలను ఎప్పుడూ మూయకూడదు. వానలకు ముందు ఒకసారి, వానల తర్వాత ఒకసారి పుల్లతో శుభ్రం చేయాలి. ఇంజిన్‌కు గాలి వెళ్లే ద్వారాలకు ప్లాస్టిక్ షీటు కడితే లోపలి తేమ బయటికి పోదు. పక్షులు దూరకుండా, గాలి ఆడేలా జాలీ బిగించాలి. టార్పాలిన్ కప్పడం మరీ చేటు: కింద తేమ నిలుస్తుంది, గాలికి కొట్టుకుంటూ రంగును, కానోపీ (పైలట్ తల మీది పారదర్శకమైన కప్పు) అద్దాన్ని అరగదీస్తుంది. కడగడానికి మంచి నీళ్లు, తేలికపాటి సబ్బు చాలు. ఒక చోట బాత్రూం యాసిడ్‌తో కడుగుతుంటే పరుగెత్తి ఆపించాను. పీఠానికి బిగించే ఇనుప బోల్టు నేరుగా అల్యూమినియానికి తగలకూడదు. తడి తగిలితే రెండు లోహాల మధ్య చర్య మొదలై అల్యూమినియం కరిగిపోతుంది. మధ్యలో నైలాన్ వాషరు, సీలెంటు పెట్టాలి. రంగు తీయాలంటే విమాన పనిలో అనుభవం ఉన్నవారి చేత, లోహపు బ్రష్ లేకుండా తీయించాలి. అన్నిటికంటే మేలైనది పైన కప్పు. ఏటా రంగులకు పెట్టే డబ్బును కూడబెట్టి, నాలుగు వైపులా గాలి ఆడే రేకుల షెడ్డు వేయించండి. వేసవిలో మన తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో కానోపీ అద్దం సన్నని చీలికలతో మసకబారిపోతుంది.

ఇంకో సంగతి. పీఠం మీద పెట్టిన విమానానికి రెక్కలు ఇంకా రెక్కలే. తుపాను గాలికి అవి విమానాన్ని పైకి లేపే బలం పుట్టిస్తాయి. ఇంజిన్, ఇంధనం తీసేశాక బరువు బాగా తగ్గిపోతుంది. మిగ్-21 ఇంజినే టన్నుకు పైగా ఉంటుంది, అదీ తోక వైపు. అది తీసేస్తే విమానం ముందుకు మొగ్గుతుంది. పునాది లెక్క సివిల్ ఇంజినీరు చేత, ఇంజిన్ లేని బరువుతో, గాలి బలంతో కలిపి వేయించాలి. నవంబరు, డిసెంబరులలో నెల్లూరు, చెన్నై తీరాలకు వచ్చే తుపానుల గాలులు మనవరకూ వస్తాయి.

అపోహ: తక్కువ గంటలు ఎగిరింది కాబట్టి మళ్లీ ఎగిరించవచ్చు. డబ్బుంటే చాలు.

విమానం వయసును ఎగిరిన గంటలు, దిగిన సార్లు, క్యాలెండరు మూడింటితో లెక్కిస్తారు. కదలకుండా ఉన్నప్పుడు రబ్బరు సీళ్లు గట్టిపడతాయి, గొట్టాలు చీలుతాయి, బేరింగుల మీది నూనె పొర జారిపోయి తుప్పు మొదలవుతుంది. నక్షత్రాకారపు పిస్టన్ ఇంజిన్లలో కింది సిలిండర్లలోకి నూనె దిగి నిలుస్తుంది. చేత్తో ప్రొపెల్లరు తిప్పి చూడకుండా స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

డబ్బు సంగతికి వస్తే, బ్రిటన్‌లో ప్రజల విరాళాలతో వల్కన్ బాంబర్ ఒకటి 2007లో మళ్లీ ఎగిరింది. 2015లో ఆగింది. దాని రూపకల్పనకు, ఇంజిన్లకు సాంకేతిక బాధ్యత వహించే సంస్థలు ఇకపై ఆ బాధ్యత మోయలేమన్నాయి. ఆ సంతకాలు లేనిదే అక్కడి నియంత్రణ సంస్థ ఎగరనివ్వదు. అమెరికాలో 2019 అక్టోబరు 2న ప్రయాణికులతో వెళ్లిన పాత బి-17 బాంబర్ కూలి ఏడుగురు చనిపోయారు. ఇంజిన్ల నిర్వహణలో లోపాలను దర్యాప్తు ఎత్తిచూపింది.

బతికించడం అసాధ్యమని నేను అనడం లేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటిష్ వారు కాన్పూరులో పనికిరాకుండా చేసి వదిలేసిన లిబరేటర్ బాంబర్లను మన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ (నేటి హిందుస్థాన్ ఏరోనాటిక్స్) వారు బాగుచేసి లేపారు. వైమానిక దళం వాటిని 1968 వరకు వాడింది. వాటిలో ఒకటి తర్వాత అమెరికా చేరి, ఏళ్ల తరబడి పని జరిగాక, 1989లో మళ్లీ ఎగిరింది. కాన్పూరులో అప్పుడు శిక్షణ పొందిన మనుషులు ఉండేవారు, విడిభాగాలకు అదే రకం విమానాలు ఎన్నో ఉండేవి. మన ఊళ్లో పీఠం మీది ఒంటరి జెట్‌కు ఆ రెండూ లేవు. ప్రైవేటు వ్యక్తి చేతిలో జెట్ యుద్ధ విమానం ఎగరడం మన దేశంలో నేను చూడలేదు. బ్రిటన్‌లో బాగుచేయించిన డకోటా రవాణా విమానం కూడా 2018లో వైమానిక దళానికి కానుకగా చేరి, పాత విమానాలను ఎగిరించే దాని వింటేజ్ ఫ్లైట్ విభాగంలో చేరింది. దాని మీది వీపీ 905 సంఖ్య 1947లో సైనికులతో శ్రీనగర్‌లో దిగిన డకోటాకు గౌరవంగా పెట్టినది. ఆ విమానం ఇదేనని వాట్సాప్‌లో తిరిగే మాట తప్పు.

భయం: బడిలో విమానం పెడితే పేలుతుందేమో.

ఇలా అడిగే తల్లిదండ్రులను నేను ఎప్పుడూ విసుక్కోను. చిత్తూరులో ఒక తల్లి, "మా పాప దాని కిందే ఆడుకుంటుంది, లోపల బాంబు ఉండిపోయి ఉంటే?" అని అడిగినప్పుడు ఆమె గొంతు వణికింది. సమాధానం చెప్పాల్సిన బాధ్యత విమానం పెట్టినవారిదే. బాంబులు, తూటాలు, ఇంధనం తీయకుండా విమానాన్ని పౌరులకు అప్పగించరు. నిజంగా చూడవలసింది ఇజెక్షన్ సీటు, అంటే ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరేసే సీటు. దాని కింద, వెనుక మందుగుండు కార్ట్రిడ్జిలు ఉంటాయి, కొన్ని సీట్లలో రాకెట్ మోటారూ ఉంటుంది. సీటులోనూ కానోపీలోనూ మందుగుండు తీసేసి పనిచేయకుండా చేసినట్లు లిఖితపూర్వకమైన పత్రం అప్పగింత కాగితాలలో ఉందో లేదో చూడండి. లేకపోతే కాక్‌పిట్ తలుపు తెరవకండి, ఎవరినీ కూర్చోబెట్టకండి, అప్పగించిన యూనిట్‌కు రాయండి. 2009లో దక్షిణాఫ్రికాలో ఒక ప్రైవేటు లైట్నింగ్ జెట్‌లో మంటలు లేచాయి. కానోపీ విడిపోకపోవడంతో పైలట్ బయటపడలేక చనిపోయాడు. ఎగిరే విమానంలో ఆ వ్యవస్థ పనిచేయకపోవడం ఎంత ప్రమాదమో, నిలబెట్టిన విమానంలో అది పనిచేయగలిగే స్థితిలో ఉండటం అంత ప్రమాదం.

కాక్‌పిట్‌లోని మీటర్ల సంగతి కూడా చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమానాల డయళ్లకు రేడియం రంగు వాడేవారు. వెలగడం లేదు కాబట్టి శక్తి అయిపోయిందనుకుంటారు. వెలుగునిచ్చే రసాయనమే అరిగిపోయింది. రేడియం సగం తగ్గడానికి 1,600 ఏళ్లు పడుతుంది. అద్దం పగలకుండా ఉంటే, దూరం నుంచి చూసేవారికి భయపడాల్సిన పని లేదు. అద్దం విప్పి గీకడం, ఇంట్లో అలంకరణకు పెట్టుకోవడం మాత్రం వద్దు.

పాత చక్రాలలో కొన్ని మెగ్నీషియం మిశ్రమంతో చేసినవి. వాటిని గ్యాస్ కట్టర్‌తో కోస్తే అంటుకుంటాయి, నీళ్లు పోస్తే మంట ఇంకా పెరుగుతుంది. తుక్కు వ్యాపారులు ఇది తెలుసుకోవాలి.

ఇక బ్రోకర్ల విషయం. "మిగ్-21 వేలానికి వస్తోంది, అడ్వాన్సు కట్టండి" అని వచ్చే ఫోన్లకు జవాబివ్వకండి. రేణిగుంట దగ్గర ఒక యువకుడు అలా డబ్బు కట్టి, రెండు రబ్బరు స్టాంపులున్న కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఆ డబ్బు తిరిగి రాలేదు. విమానం కావాలంటే మీ సంస్థ పేరిట, సంస్థ లెటర్‌హెడ్ మీద, స్థలం కొలతలు, షెడ్డు ప్లాను జతచేసి వైమానిక దళ ప్రధాన కార్యాలయానికి రాయండి. ఏటేటా నిర్వహణకు ఎంత ఖర్చు పెట్టగలరో అందులోనే రాస్తే మంచిది. ఆ ప్లాను గీసే ముందు కావాలంటే నాకు చూపించండి, ఏమీ తీసుకోను.