గ్వాటెమాలాలో విరిగిన భుజం: ఎగ్జూపెరీ చివరి యాత్రకు నేపథ్యం

గత ఆదివారం తిరుపతిలో కొందరు సాహిత్య మిత్రులు పెట్టుకున్న పుస్తక చర్చ, చివరికి పుస్తకాన్ని వదిలి రచయిత మరణం మీదికి మళ్లింది. చిన్న రాకుమారుడి కథ రాసిన ఫ్రెంచి పైలట్ ఆంత్వాన్ ద సెయింట్ ఎగ్జూపెరీని జర్మన్లు కూల్చారని ఒకరు, ఆయనే ప్రాణం తీసుకున్నారని మరొకరు పట్టుబట్టారు. సహారా మీదుగా తపాలా మోసిన కాలం, 1935లో లిబియా ఎడారిలో దాహంతో తిరిగిన రోజులు పాఠకులకు తెలిసినవే కనుక, ఈ తగవుకు మూలమని నేను భావించే 1938 ఫిబ్రవరి దగ్గరే మొదలుపెడతాను.

ఆ నెల 16న, న్యూయార్క్ నుంచి దక్షిణ అమెరికా కొసకు వెళ్లే దారిలో, ఆయనా మెకానిక్ ప్రెవో గ్వాటెమాలా నగరంలో ఇంధనం నింపించుకున్నారు. ఆ నగరం దాదాపు 1,500 మీటర్ల ఎత్తున, అంటే మన మదనపల్లె దగ్గరి హార్సిలీ కొండల కంటే ఎత్తున ఉంటుంది. అక్కడి పలచని గాలిలో రెక్కల బలమూ ఇంజిన్ బలమూ రెండూ తగ్గుతాయి. దానికి తోడు గ్యాలన్ల లెక్క తారుమారై, ట్యాంకుల్లో మోతాదుకు మించి ఇంధనం పడిందని చెబుతారు. అమెరికా గ్యాలన్ 3.8 లీటర్లయితే బ్రిటిష్ గ్యాలన్ 4.5 లీటర్లు. బరువెక్కిన విమానం లేవబోతూనే కూలింది. ఆయన రోజుల తరబడి స్పృహలో లేరు. ఎన్నో ఎముకలు విరిగాయి. ఎడమ భుజం మళ్లీ పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. న్యూయార్క్‌లో కోలుకుంటూ కూర్చిన రచనకే 1939లో ఫ్రెంచి అకాడమీ నవలా బహుమతి వచ్చింది, అది నిజానికి నవల కాకపోయినా.

రెండో ప్రపంచ యుద్ధం సాగుతుండగా, 1943లో ఉత్తర ఆఫ్రికాలో మళ్లీ వైమానిక దళంలో చేరేనాటికి ఆయనకు 43 ఏళ్లు. పి-38 అనే అమెరికన్ యుద్ధ విమానం నడపడానికి వయోపరిమితి దాటి ఎనిమిదేళ్లయింది. ఒంటరిగా ఫ్లయింగ్ సూట్ తొడుక్కోలేరు. శత్రు విమానం కోసం ఎడమవైపు తల తిప్పి చూడలేరు. ఆ ఆగస్టులో విమానం దించుతూ పాడుచేయడంతో నెలల తరబడి ఎగరనివ్వలేదు. పెద్దలను బతిమాలుకుని 1944లో తిరిగి వచ్చి, జులై 31 ఉదయం కోర్సికాలోని బోర్గో నుంచి, తుపాకులు లేని ఫొటో నిఘా విమానంలో ఒక్కరే బయలుదేరారు. మళ్లీ తిరిగి రాలేదు.

1998లో ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని మార్సెయ్ దగ్గర ఒక జాలరి వలలో ఆయన పేరున్న కంకణం పడింది. 2000లో అక్కడే సముద్రంలో విమాన శకలాలు కనబడగా, 2004లో వాటి మీది సంఖ్యను బట్టి అది ఆయన విమానమేనని తేల్చారు. 2008లో హోర్స్ట్ రిపర్ట్ అనే మాజీ జర్మన్ పైలట్, తానే కూల్చానని చెప్పుకున్నారు. జర్మన్ రికార్డుల్లో దానికి ఆధారం దొరకలేదు. ఆత్మహత్య వాదానికి, చివరి నెలల్లో ఆయన రాసిన దిగులు ఉత్తరాలు తప్ప వేరే బలం లేదు.

రిపర్ట్ మాటే నిజమనుకున్నా, వెనుక ఎడమవైపు నుంచి వచ్చే విమానాన్ని ఆ మెడతో ఆయన చూడగలిగేవారా అన్న ప్రశ్న మిగులుతుంది. అలా కాక, ఎత్తున ఎగురుతుండగా ఆక్సిజన్ అందక స్పృహ తప్పి ఉంటే, నలిగిన ఆ ఒంటితో తేరుకునే వ్యవధి మరీ తక్కువ. పైకి తీసిన ముక్కల్లో తూటా రంధ్రాలు కనబడలేదు. అయితే దొరికినవి విమానంలో కొద్ది భాగమే. అవి ఇప్పుడు పారిస్ శివారు ల బూర్జే మ్యూజియంలో ఉన్నాయి.