ఇంక్లూడ్స్ పేరు వెనక ఉన్న పాత లైబ్రరీ

వెబ్ పేజీలను నడిపే జావాస్క్రిప్ట్ భాషలో ఫలానాది లోపల ఉందా అని అడగాలంటే అర్రేకి (విలువల వరుస) ఇంక్లూడ్స్, సెట్‌కి (ఒకే విలువ రెండుసార్లు ఉండని గుంపు) హ్యాజ్, క్లాస్‌లిస్ట్‌కి (పేజీలో ఒక భాగానికి తగిలించిన క్లాస్ పేర్ల జాబితా) కంటెయిన్స్. ఒకే ప్రశ్నకు మూడు పేర్లేంటని మళ్లీ రగడ. ఈసారీ తిట్లు భాషా ప్రమాణాలు చూసే టీసీ39 కమిటీకే. ఇండెక్స్‌ఆఫ్ (ఎన్నో స్థానంలో ఉందో చెప్పేది, లేకపోతే మైనస్ 1 ఇచ్చేది) జవాబు మైనస్ 1 అవునా కాదా అని చూసుకున్న రోజుల సంగతి అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. అసలు మలుపు 2012లో వచ్చింది. అదీ అర్రే దగ్గర కాదు, స్ట్రింగ్ (అక్షరాల వరుస) దగ్గర.

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ 17వ వెర్షన్‌లో స్ట్రింగ్‌కి కంటెయిన్స్ అనే మెథడ్ (పిలిస్తే పనిచేసే ఆదేశం) చేర్చగానే, మూటూల్స్ 1.2 అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) వాడే కొన్ని సైట్లు దెబ్బతిన్నాయి. ఆ లైబ్రరీకి తన సొంత కంటెయిన్స్ ఉండేది. బ్రౌజర్‌లో ఆ పేరు లేకపోతేనే దాన్ని తగిలించేది, ఉంటే తప్పుకునేది. పేరు ఒకటే గానీ, రెండో ఆర్గ్యుమెంట్ (మెథడ్‌కి అందించే విలువ) దగ్గర వచ్చింది చిక్కు. మూటూల్స్‌లో అది పదాలను విడదీసే గుర్తు. ‘బటన్ యాక్టివ్’లో ‘యాక్ట్’ ఉందా అని స్పేస్ జతచేసి అడిగితే లేదనేది, ఎందుకంటే అది పూర్తి పదం కాదు. బ్రౌజర్ మెథడ్‌కి మాత్రం రెండో ఆర్గ్యుమెంట్ అంటే ఎక్కడి నుంచి వెతకాలో చెప్పే సంఖ్య. స్పేస్‌ని సున్నా కింద లెక్కేసుకుని, మొదటి నుంచి వెతికి, ఉందనేస్తుంది. ఎర్రర్ వస్తే కనీసం పట్టుకోవచ్చు, ఇక్కడ వచ్చేది తప్పు జవాబు!

17లో ఆ మెథడ్‌ని ఆపేసి, 18లో మళ్లీ ఇచ్చారు. మూటూల్స్ నుంచి 1.2.6 వచ్చింది. కానీ కొత్త వెర్షన్ వచ్చినంత మాత్రాన పాత సైట్లు వాటంతట అవే మారవు కదా. చివరికి ఫైర్‌ఫాక్స్ 40 నాటికి ఆ మెథడ్ పేరు ఇంక్లూడ్స్ అయింది.

అర్రేకీ ఇలాంటి మెథడ్ కావాలని డొమెనిక్ డెనికోలా, రిక్ వాల్డ్రన్ టీసీ39 ముందు పెట్టిన ప్రతిపాదన కూడా మొదట కంటెయిన్స్ పేరుతోనే ఉంది. మూటూల్స్ అర్రేకి కూడా అదే పేరు పెట్టేసి ఉండటంతో 2014 చివర్లో మార్చక తప్పలేదు. భాషా ప్రమాణం 2016 ఎడిషన్‌లో ఇంక్లూడ్స్‌గా చేరింది. ఇండెక్స్‌ఆఫ్‌కి ఎప్పుడూ దొరకని నాన్ (NaN, అంటే ‘సంఖ్య కాదు’ అని చెప్పే) విలువ దీనికి దొరుకుతుంది, ఆ మేలు పెద్దగా ఎవరూ చెప్పుకోరు. మరి హ్యాజ్ పెట్టొచ్చుగా అంటే, మ్యాప్‌లో (కీ, విలువ జతలుగా దాచేది) అది కీ ఉందా అని అడుగుతుంది. అర్రేలో కీ అంటే ఇండెక్స్, మనకు కావాల్సిందేమో విలువ.

వాడకం తగ్గిపోయిన లైబ్రరీ కోసం భాష మంచి పేర్లు పోగొట్టుకోవాలా అన్నది విమర్శకుల వాదన. 2018లో ఫ్లాటెన్ (లోపలి అర్రేలను విప్పి ఒకే వరుస చేసే మెథడ్) పేరు కూడా మూటూల్స్ వల్లే ఆగి, స్మూష్ అని పెడదామన్న జోకుతో పెద్ద దుమారం రేగి, ఫ్లాట్‌గా తేలినప్పుడూ ఇదే అన్నారు. ఆ సైట్లు చూసే మనిషికి మాత్రం మూటూల్స్ ఎవరో, టీసీ39 ఎవరో తెలీదు. బ్రౌజర్ అప్‌డేట్ చేశాక పేజీ పనిచేయలేదన్నదే తెలుస్తుంది. పోనీ అర్రేకి కంటెయిన్స్‌ని మారుపేరుగానైనా ఇవ్వండి అనేవాళ్లు అడుగుతున్నది, 2014లో వెనక్కి తీసుకున్న ఆ పేరునే.