సర్జరీ లెటర్ కోసం వచ్చేవాళ్లు నా దగ్గర దాచే విషయాలు: అపోహలు - వాస్తవాలు

నేను క్లినికల్ సైకాలజిస్టుని. జెండర్ అఫర్మేషన్ సర్జరీ, అంటే శరీరాన్ని తమ జెండర్‌కి తగ్గట్టు మార్చే ఆపరేషన్, చేయించుకోవాలనుకునే ట్రాన్స్ వ్యక్తులతో (పుట్టినప్పుడు రాసిన జెండర్ తమది కాదనిపించేవాళ్లతో) మాట్లాడి, అసెస్‌మెంట్ చేసి, సర్జన్‌కి లెటర్ రాయడం నా పనిలో పెద్ద భాగం. 'లింగ మార్పిడి' అనే మాట చాలామందిని నొప్పిస్తుంది. 'లింగ నిర్ధారణ' అంటే కడుపులో బిడ్డ ఆడో మగో చూసే స్కానింగ్ గుర్తొస్తుంది. అందుకే ఇక్కడ ఇంగ్లిష్ మాటే వాడుతున్నాను.

నా ఎదుట కూర్చున్నవాళ్లలో చాలామంది మొదటి అరగంట టెన్షన్‌తో బిగుసుకుపోయి ఉంటారు. ఏం చెబితే లెటర్ వస్తుందో ఎవరినో అడిగి, ముందే ఒక కథ సిద్ధం చేసుకుని వస్తారు. ఆ కథలోంచి తీసేసిన విషయాలే ఆపరేషన్ టేబుల్ మీద, ఆ తర్వాత మంచం మీద వాళ్లను ఇబ్బంది పెట్టేవి. అవి ఏమిటో, ఎందుకు దాచనక్కర్లేదో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అపోహ: నేను ట్రాన్స్ అని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసని నిరూపించుకోలేకపోతే లెటర్ రాదు.

వాస్తవం: ఈ భయం ఊరికే పుట్టలేదు. డబ్ల్యూపాత్ అనే అంతర్జాతీయ నిపుణుల సంఘం 1979 నుంచి ట్రాన్స్ వ్యక్తుల వైద్యానికి ప్రమాణాలు విడుదల చేస్తోంది. ఏడో వెర్షన్ దాకా జననాంగ సర్జరీకి ఇద్దరు నిపుణుల లెటర్లు కావాల్సి వచ్చేవి. వెజైనోప్లాస్టీ (యోనిని రూపొందించే సర్జరీ), ఫాలోప్లాస్టీ (పురుషాంగాన్ని రూపొందించే సర్జరీ) లాంటి వాటికి తన జెండర్‌లో 12 నెలలు బతికి చూపించాల్సి వచ్చేది. 2022లో వచ్చిన ఎనిమిదో వెర్షన్ వయోజనులకు ఒక్క నిపుణుడి అసెస్‌మెంట్ చాలంది. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా, ఐసీడీ-11, పుట్టినప్పుడు రాసిన జెండర్ తనది కాదనిపించడాన్ని మానసిక వ్యాధుల అధ్యాయంలోంచి తీసేసింది కూడా.

నేను చూసేది ఇది: తన జెండర్ గురించిన ఈ భావన స్పష్టంగా, నిలకడగా ఉందా? ఏం చేయించుకుంటున్నారో, దాని వల్ల ఏం మారుతుందో, ఏం తిరిగి రాదో అర్థమైందా? ఫలితాన్ని దెబ్బతీసే ఆరోగ్య సమస్యలేమైనా ఉంటే వాటి సంగతి చూశామా? ఐదేళ్లప్పుడు తెలిసిందా, నలభై ఏళ్లకు తెలిసిందా అన్నదాన్ని బట్టి నా లెటర్ మారదు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్తాను. కొన్ని ఆసుపత్రులు, ఇన్సూరెన్స్ కంపెనీలు ఇంకా రెండు లెటర్లు అడుగుతాయి. ఏడాది దాటిన లెటర్‌ను చాలా చోట్ల తీసుకోరు. కాబట్టి ముందు సర్జన్ ఆఫీసు నుంచి వాళ్ల షరతులు రాతపూర్వకంగా తెప్పించుకోండి. నా దగ్గరికి ఆ తర్వాత రండి.

అపోహ: డిప్రెషన్ ఉందని చెప్తే రిజెక్ట్ చేస్తారు.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ అపోహే. ఒకరు నా దగ్గరికి రావడానికి రెండు వారాల ముందు డిప్రెషన్ మాత్రలు ఉన్నట్టుండి మానేశారు. "ఏ మందులూ వాడట్లేదు" అని నిజాయితీగా చెప్పగలగాలని! నిద్రలేదు, తల తిరుగుతోంది, కూర్చోలేకపోతున్నారు. మాత్రలతో వచ్చి ఉంటే ఆ రోజే సగం పని అయిపోయేది. డిప్రెషన్, ఆందోళన ఉన్నవాళ్లకు నేను లెటర్లు రాస్తూనే ఉంటాను. అది అదుపులో ఉందా, సర్జరీ తర్వాత మనసు కుంగితే ఎవరిని పిలుస్తారు అన్నవే నా ప్రశ్నలు. వెంటనే చికిత్స కావలసినంత సంక్షోభంలో ఉంటే ముందు ఆ చికిత్స జరగాలి. లెటర్ అడిగే దారి అప్పుడు కూడా మూసుకుపోదు.

అపోహ: సిగరెట్ సర్జరీకి వారం ముందు మానేస్తే చాలు, వేప్ (ఈ-సిగరెట్) అయితే పర్లేదు.

వాస్తవం: నికోటిన్ రక్తనాళాలను బిగించేస్తుంది. ఛాతీ సర్జరీలో చనుమొనలను తీసి మళ్లీ అతికిస్తే, అవి కొత్త చోట రక్తం అందితేనే బతుకుతాయి. ఫాలోప్లాస్టీలో ముంజేతి నుంచో తొడ నుంచో కణజాలం తెచ్చి అమరుస్తారు. ముంజేతి నుంచి తెస్తే సన్నటి రక్తనాళాలను మైక్రోస్కోప్ కింద కలుపుతారు. అక్కడ రక్తం ఆగితే మొత్తం కణజాలమే చచ్చిపోవచ్చు. అందుకే చాలామంది సర్జన్లు ముందు కనీసం 4 నుంచి 6 వారాలు, తర్వాత కూడా కొన్ని వారాలు నికోటిన్ అసలే వద్దంటారు. వేప్‌లో ఉండేదీ అదే నికోటిన్. నికోటిన్ ప్యాచ్, గమ్ కూడా అంతే. నికోటిన్ ఒంట్లో విరిగి మారే పదార్థం కోటినిన్; దాని పరీక్షలో ఇవన్నీ బయటపడతాయి. పరీక్షలో దొరికి డేట్ వాయిదా పడితే ఎవరైనా కుమిలిపోతారు. మానలేకపోతున్నానని నాతో ముందే చెప్తే, మానడానికి సాయం చేసే మనుషులున్నారు, మందులున్నాయి.

అపోహ: సర్జరీలో వాడే చర్మం మీది వెంట్రుకలకు సర్జరీ ముందు వాక్సింగ్ చేయించుకుంటే సరిపోతుంది.

వాస్తవం: వెజైనోప్లాస్టీలో బయటి చర్మం లోపలి గోడ అవుతుంది. ఫాలోప్లాస్టీలో ముంజేతి చర్మంతో మూత్రనాళం చేస్తారు. ఆ చర్మంలో వెంట్రుకల మూలాలు మిగిలితే లోపల పెరుగుతాయి. మూత్రనాళంలో అయితే ఇన్ఫెక్షన్లు, రాళ్లు కూడా రావచ్చు. శాశ్వతంగా తీయించాలంటే లేజర్ లేదా ఎలక్ట్రాలిసిస్ (ఒక్కో వెంట్రుక మూలాన్ని కరెంటుతో చంపే పద్ధతి) కావాలి. వెంట్రుకలన్నీ ఒకేసారి పెరగవు కాబట్టి వారాల ఎడంతో చాలా సిట్టింగులు పడతాయి. నెలలు, ఒక్కోసారి ఏడాది పైనే. నెరిసిన వెంట్రుకల మీద లేజర్ పనిచేయదు, వాటికి ఎలక్ట్రాలిసిసే. లేజర్ చేయించుకునే రోజుల్లో వాక్సింగ్ వద్దు. వేరు ఊడొచ్చేస్తే లేజర్‌కి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. షేవింగ్ చేసుకోవచ్చు.

లోపలి మార్గం లేకుండా బయటి రూపం మాత్రమే చేసే పద్ధతికి సాధారణంగా ఇదంతా అక్కర్లేదు. కొందరు సర్జన్లు ఆపరేషన్‌లోనే మూలాలు గీకేస్తారు. అందుకే ఎక్కడెక్కడ తీయించాలో సర్జన్‌ని బొమ్మ గీసి ఇవ్వమనండి. నా సలహా అడిగితే, లెటర్ కంటే ముందు మొదలుపెట్టాల్సిన పని ఇదే.

అపోహ: హార్మోన్లు తప్పనిసరి, సర్జరీ ముందు ఆపడమూ తప్పనిసరి.

వాస్తవం: ఛాతీని మగవారి ఛాతీలా చదును చేసే సర్జరీకి టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) వాడి ఉండాలన్న షరతు లేదు. వృషణాలు లేదా అండాశయాలు తీసే సర్జరీకి 6 నెలలు హార్మోన్లు వాడి ఉండాలంటారు. వద్దనుకునేవాళ్లకు, ఒంటికి పడనివాళ్లకు అందులోనూ మినహాయింపు ఉంది. రక్తం గడ్డకడుతుందన్న భయంతో ఈస్ట్రోజెన్ (ఆడ హార్మోన్) కొన్ని వారాల ముందే ఆపించేవాళ్లు. ఇప్పుడు చాలామంది సర్జన్లు ఆపించడం లేదు. మీ సర్జన్ ఏం చెప్తే అది, సొంతంగా మాత్రం వద్దు. వృషణాలు, అండాశయాలు తీసేశాక ఎముకల కోసమైనా ఏదో ఒక హార్మోన్ దీర్ఘకాలం కావాలి.

అపోహ: హెచ్ఐవీ, షుగర్ ఉంటే ఆశ వదులుకోవాల్సిందే.

వాస్తవం: కాదు. రెండూ అదుపులో ఉండాలి, అంతే.

అపోహ: పిల్లల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

వాస్తవం: వృషణాలు, అండాశయాలు తీసేశాక తర్వాత అనేది లేదు. వీర్యం, అండాలు దాచుకోవాలంటే ముందే చేయాలి. దానికి కొంతకాలం హార్మోన్లు ఆపాల్సి రావచ్చు. అది కొందరికి నరకంలా ఉంటుంది. నాకు పిల్లలు వద్దు అనేది కూడా పూర్తి సమాధానమే, నేను రెండోసారి అడగను.

అపోహ: భయంగా ఉందంటే నాకు అనుమానం ఉందనుకుంటారు.

వాస్తవం: భయం లేదన్నవాళ్లతోనే నేను ఎక్కువసేపు మాట్లాడతాను. 2021లో 27 అధ్యయనాలను, దాదాపు 8 వేల మందిని కలిపి చూసిన ఒక సమీక్షలో పశ్చాత్తాపపడినవాళ్లు సుమారు 1 శాతం. అధ్యయనాలన్నీ ఒకే తీరులో జరిగినవి కావు, కాబట్టి ఆ అంకెను నేను పట్టుకుని ఊగను. కానీ భయపడటం వేరు, పశ్చాత్తాపం వేరు. వెజైనోప్లాస్టీ తర్వాత మొదటి నెలల్లో రోజుకు కొన్నిసార్లు డైలేషన్ (కొత్త మార్గం మూసుకుపోకుండా లోపల సాధనం పెట్టి సాగదీయడం) చేసుకోవాలి, తర్వాత తగ్గినా పూర్తిగా మానకూడదు. ఫాలోప్లాస్టీ చాలావరకు విడతలుగా జరుగుతుంది. మూత్రనాళం ఇరుకవడం, పక్కనుంచి మూత్రం కారడం అరుదు కాదు, వాటికి మళ్లీ ఆపరేషన్ పడవచ్చు. ఇవి విన్నాక భయం వేయాలి. ఆ భయాన్ని నా ముందు మాటల్లో పెట్టగలిగారంటే, అర్థం చేసుకుని ఒప్పుకున్నారని నేను లెటర్‌లో ధైర్యంగా రాయగలను.

అపోహ: లెటర్ చేతికొస్తే సిద్ధమైనట్టే.

వాస్తవం: ప్రతి ఒక్కరినీ ఒక ప్రశ్న అడుగుతాను. "ఇంటికి వచ్చాక మూడో రోజు రాత్రి మీ పక్కన ఎవరుంటారు?" చాలామంది అక్కడ ఆగిపోతారు. ఇంటివాళ్లు దూరం పెట్టినవాళ్లకైతే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఛాతీ సర్జరీ తర్వాత కొన్ని వారాలు బరువులెత్తకూడదు, పై అరలో గిన్నె అందుకోవడం కూడా కష్టం. వెజైనోప్లాస్టీ అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు పనికి సెలవు పెట్టుకోవాలి. వండిపెట్టడానికి, మందులు తేవడానికి, రాత్రి జ్వరం వస్తే ఫోన్ చేయడానికి ఒక మనిషి కావాలి. వంతులవారీగా నలుగురు స్నేహితులైనా ఫర్వాలేదు.

మొదటిసారి వచ్చేటప్పుడు వాడే మందుల చీటీ, సర్జన్ షరతుల కాగితం, చివరి సిగరెట్ ఎప్పుడు తాగారో ఆ తారీఖు, మూడో రోజు రాత్రి ఉండే మనిషి పేరు తెచ్చుకోండి. ఆ పేరు ఇంకా దొరక్కపోతే ఖాళీగానే తీసుకురండి. కూర్చుని వెతుకుదాం.