ఫోన్‌ల డిమెన్షియా క్లాస్ వింటే ఏమొస్తది అంటరు: అపోహలు, వాస్తవాలు

నేను నల్లగొండల సైకాలజిస్ట్‌ని. డిమెన్షియా, అంటే యాది, ఆలోచన మెల్లమెల్లగ తగ్గిపోయే జబ్బు, ఉన్న పెద్దోళ్లను ఇంట్ల చూసుకునేటోళ్లకు రాత్రి తొమ్మిది దాటినంక ఆన్‌లైన్‌ల క్లాసులు చెప్త, గిన్నెలు కడిగి పక్కలేసినంకనే కదా వాళ్లకు తీరేది.

అపోహ: ముసలితనంల మతిమరుపు మామూలే, దానికి క్లాసెందుకు?

పెన్షన్ పైసలు యాడ పెట్టిన్నో మర్చిపోవుడు వేరు, నలభై ఏండ్లు రొట్టెలు చేసిన అవ్వ జొన్నపిండి ముందల కూసొని ఎట్ల చేయాల్నో తెల్వక చూసుడు వేరు. మన దేశంల 60 దాటినోళ్లల్ల డిమెన్షియా ఉన్నది 7.4 శాతం మందికి అని పెద్ద సర్వేల తేలింది, అంటే వయసైతే అందరికీ వచ్చేది కాదు. బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా ఉన్నా, డిప్రెషన్ ఉన్నా కూడా అట్లనే కనబడొచ్చు, వాటికి మందులున్నయ్. అందుకే ముందు డాక్టర్, తర్వాతనే నా క్లాస్.

అపోహ: క్లాస్ వింటే జబ్బు నయమైతది.

కాదు. డిమెన్షియాల ఎక్కువగ కనబడే రకమైన అల్జీమర్స్‌ను పూర్తిగా తగ్గించే మందే ఇంకా లేదు. క్లాస్‌తోని మారేది చూసుకునే మనిషి.

అపోహ: నిజం గట్టిగ చెప్తే గుర్తొస్తది.

దీని మీదనే ఎక్కువ టైం పోతది నాకు. దేవరకొండ దిక్కు ఒకామె, వాళ్ల మామ అర్ధరాత్రి లేసి "కరెంటొచ్చింది, మోటర్ ఎయ్యాలె" అని తలుపు గుంజుతడు. పొలానికి 24 గంటల కరెంట్ 2018 జనవరి నుంచే ఉంది, వీళ్ల పొలం అంతకు ముందే అమ్మిన్రు, కానీ ఆయన మనసుల ఇంకా ఆ రాత్రి కరెంట్ రోజులే. కొడుకేమో "భూమే లేదు నాయినా" అని రోజూ అరుసుడు, ఆయనకు ఆ మాట ప్రతి రాత్రి కొత్తగ భూమి పోయినట్టే, ఇంక గొడవ. మేం చెప్పింది, "ఏమేసినవ్ మామా, వరా, పత్తా?" అని అడుగు, జర సేపు ఆ ముచ్చట్ల కూసోపెట్టు, బాత్‌రూంకు తీస్కపో. సగం రోజులు ఆయన లేసేది ఒంటికి వచ్చేనట! మాట మారిస్తే అబద్ధం ఆడినట్టు కాదా అంటరు కొందరు, నాకైతే ఆ టైంల వాదన గెలుసుడు కంటే ఆయన నిద్ర ముఖ్యం. ఒక్కటి యాదుంచుకోండి, ఒకట్రెండు రోజుల్లనే మనిషి సడన్‌గ మారిపోతే అది ఇన్ఫెక్షన్ కావొచ్చు, క్లాస్ కోసం ఆగొద్దు, దవాఖానకు పోండి.

అపోహ: దూరంగ ఉన్న కొడుకు వింటే సరిపోతది.

పాలమూరు ఇండ్లల్ల ఇదే కథ, కొడుకు పుణెల నుంచో బొంబాయి నుంచో జాయినై మంచి ప్రశ్నలు అడుగుతడు, తానం పోసే కోడలేమో వంటింట్ల ఉంటది. ఫోన్ ఆమెకియ్యుమంట.

అపోహ: ఇంగ్లీష్ రాకుంటే అర్థం కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసపోర్ట్ అని 23 పాఠాల ఆన్‌లైన్ కోర్స్ పెట్టింది, అందుల ఒక భాగం మొత్తం చూసుకునేటోళ్లు తమను తాము చూసుకునుడు గురించే. నేను అసొంటివే మన మాటల్ల చెప్త, చదువు రానోళ్లకు ఆడియో పంపుత. మామకు గోలీలు టైంకిచ్చి తన బీపీ గోలీ మర్చిపోయేటోళ్లే ఎక్కువ. మనసు బాగలేకుంటే సర్కారు హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా చేయొచ్చు, పైసలు కావు.

వచ్చే గురువారం తానం గురించి. నెత్తి మీద నీళ్లు ఒక్కసారి గుమ్మరిస్తే భయపడతరు, కాళ్ల నుంచి మొదలువెట్టి గోరువెచ్చగ పోయండి, చెంబు వాళ్ల చేతికే ఇచ్చి చూడండి.