'టెస్టెడ్ ఓకే' అంటే ఏం టెస్టు చేసినట్టు? పాత కారు పార్టులపై అపోహలు – వాస్తవాలు

ఒడిశా రాయగడలోని మా మెకానిక్ షెడ్డుకు ఈమధ్య బండి కంటే ముందు పార్సిల్ వస్తోంది. ఢిల్లీ నుంచో కోల్‌కతా నుంచో ఆన్‌లైన్‌లో తెప్పించిన పాత పార్టును చేతిలో పెట్టి, "బిగించెయ్ అన్నా, టెస్టెడ్ పీసే" అంటారు. గుణుపురం నుంచి వచ్చినా, పార్వతీపురం నుంచి వచ్చినా అదే మాట. కొత్తది కొనే స్తోమత లేక పాతది వెతుక్కోవడంలో తప్పేమీ లేదు. నేనూ చాలా బండ్లకు పాత పార్టులే వేస్తాను. కానీ ప్రకటనలో రెండు మాటలు చదివి డబ్బు పంపేస్తున్నారు చూడండి, అదే బాధ.

అపోహ: టెస్టెడ్, వర్కింగ్ అని రాశారంటే పార్టు బాగున్నట్టే.

ఏ టెస్టు చేశారో, ఏం రీడింగ్ వచ్చిందో చెప్పకపోతే ఆ మాటకు విలువ లేదు. గేర్‌బాక్స్‌ను నేల మీద పెట్టి, షాఫ్ట్‌ను చేత్తో తిప్పి, గేర్లు పడుతున్నాయని చూసి టెస్టెడ్ అని రాస్తారు. బేరింగ్ మోత, లోడు మీద గేరు జారిపోవడం చేత్తో తిప్పితే బయటపడవు. ఏసీ కంప్రెసర్‌కు బ్యాటరీ వైరు తగిలించి క్లచ్ టక్కుమంటే అదీ టెస్టే అంటారు. లోపల ప్రెజర్ వస్తోందో లేదో దానివల్ల ఏం తెలుస్తుంది?

సిలిండర్ హెడ్డు, అంటే ఇంజిన్ పైన మూతలా కూర్చునే భాగం, దాని సంగతి ఇంకా ఘోరం. లక్ష్మీపూర్ ఘాట్‌లో ఇంజిన్ వేడెక్కి హెడ్డు పోయిన బండ్లు మా దగ్గరికి తరచూ వస్తాయి. పాత హెడ్డుకు 'నో క్రాక్' అని రాసి ఉంటుంది. అల్యూమినియం హెడ్డులో వాల్వుల మధ్య వచ్చే సన్నటి పగులు కంటికి ఆనదు, ప్రెజర్ టెస్టు చేస్తే తెలుస్తుంది. కాబట్టి ప్రెజర్ టెస్టు చేయించారా, ఇప్పటికే ఫేసింగ్ కొట్టించారా (అడుగు భాగాన్ని అరగదీసి చదును చేయించారా), ఎంత మందం తీశారు అని అడగండి. ఇవి అడిగితే కోప్పడేవాడి దగ్గర కొనొద్దు.

అన్నిటికంటే ఎక్కువ ముంచుతున్నది ఈసీఎం, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ పెట్టె. ఒక ట్యాక్సీ డ్రైవరు తన డీజిల్ కారుకు ఆన్‌లైన్‌లో పాత ఈసీఎం తెప్పించాడు. అదే మోడలు, ప్లగ్గులు సరిగ్గా కూర్చున్నాయి. బండి క్రాంక్ అవుతోంది, స్టార్ట్ కాదు. "ఆడు టెస్టెడ్ అని రాసాడు కదన్నా, ఇదేటి?" అని ఆ అబ్బాయి తల పట్టుకున్నాడు. కిస్తు కట్టాల్సిన రోజులు, కోరాపుట్ బుకింగులు పోతున్నాయి. అమ్మినవాడికి ఫోన్ చేసి మాట్లాడాను. అతను అబద్ధం ఆడలేదు. ఆ ఈసీఎం విప్పిన బండిలో నిజంగానే పనిచేసింది. కానీ ఇమ్మొబిలైజర్, అంటే వేరే తాళంతో బండి స్టార్ట్ కాకుండా ఆపే ఏర్పాటు, దాన్ని ఆ బండి తాళంతో కట్టేసి ఉంచింది. మన తాళం పెడితే అది ఇంజిన్‌ను లేవనివ్వదు. పార్టు బాగానే ఉంది కాబట్టి వాపసు తీసుకోను అన్నాడు. విశాఖలో ప్రోగ్రామింగ్ చేసేవారి దగ్గరికి పంపాకే బండి కదిలింది. ఆ ఖర్చు కలిపితే 'చౌక' అన్న మాట మిగల్లేదు.

ఈసీఎం కొనేముందు లేబుల్ ఫొటో అడిగి, మీ దాని మీది నంబరుతో ప్రతి అంకె, ప్రతి అక్షరం పోల్చండి. బాష్ డీజిల్ ఈసీఎం నంబరు 0281తో, పెట్రోలుది 0261తో మొదలవుతుంది. ముందు నాలుగు అంకెలు కలిశాయి కదా అని కొనేసేవాళ్లున్నారు, అసలు తేడా చివరి అంకెల్లోనే ఉంటుంది. తాళం, ఇమ్మొబిలైజర్‌తో కలిపి సెట్టుగా ఇస్తున్నాడా? లేకపోతే ప్రోగ్రామింగ్ ఎవరు చేస్తారో, ఎంత తీసుకుంటారో ముందే మాట్లాడుకోండి.

కామన్ రైల్ ఇంజెక్టర్లకు (ఇప్పటి డీజిల్ ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి) బెంచ్ టెస్టు కాగితం ఉంటుంది. ఏ ప్రెజర్ దగ్గర ఎంత డీజిల్ పోసింది, ఎంత రిటర్న్ వచ్చింది అన్నీ అందులో ఉంటాయి. కాగితం లేని ఇంజెక్టరును నేను బిగించను. చాలా ఇంజెక్టర్ల మీద కోడ్ ఉంటుంది, దాన్ని స్కానర్‌తో ఈసీఎంలో ఎక్కించాలి. ఆ కోడ్ చెరిగిపోయి ఉంటే వదిలేయండి.

అపోహ: తళతళలాడే పార్టు మంచిది. కొత్తగా వెండి రంగు కొట్టిన ఇంజిన్‌ను చూస్తే నాకు అనుమానమే ఎక్కువ. ఆయిల్ మడ్డి పట్టి ఉంటే కనీసం ఎక్కడి నుంచి కారిందో కనిపిస్తుంది. కడగకముందు ఫొటో అడగండి. ఈరోజు తేదీ, మీ పేరు రాసిన కాగితాన్ని పార్టు పక్కన పెట్టి ఇంకో ఫొటో తీయమనండి. ఒకే ఫొటో పది ప్రకటనల్లో తిరుగుతుంటుంది.

అపోహ: టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఎక్కించే ఫ్యాను) షాఫ్ట్ కదిలితే పోయినట్టే. ఆయిల్ లేనప్పుడు పక్కలకు కొద్దిగా కదలడం మామూలే. ముందుకూ వెనక్కూ తెలిసేలా ఆడినా, రెక్కలు గోడకు రాసుకున్న గుర్తులున్నా వద్దు. ఇది తెలియక మంచి టర్బోను తిప్పి పంపినవాళ్లూ ఉన్నారు.

అపోహ: 30,000 కిలోమీటర్లే తిరిగింది అన్నాడు. పార్టుకు మీటరు ఉండదు. విప్పిన బండి మీటరు ఫొటో, ఛాసిస్ నంబరు ఇస్తే ఆలోచించండి.

అపోహ: పాత పార్టు వేస్తే పోలీసు కేసే. దొంగ బండ్ల పార్టులు అమ్ముతారని పేరుపడ్డ, మీరట్‌లోని సోతీగంజ్ మార్కెట్‌ను 2021 డిసెంబరులో మూయించాక ఈ భయం వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. ఇలాంటి పుకార్లు పంపేవాళ్లను చూస్తే నాకు విసుగు. బిల్లుతో కొన్న పాత డోరుకు, ఆల్టర్నేటరుకు ఎవరూ కేసు పెట్టరు. జాగ్రత్త పడాల్సింది ఇంజిన్ విషయంలో. దాని మీద నంబరు ఉంటుంది. ఆ నంబరు రాసిన బిల్లు, విప్పిన బండి ఆర్సీ కాపీ తీసుకోండి, ఆర్టీఓ ఆఫీసులో మీ ఆర్సీలో మార్పించుకోండి. నంబరు గీకేసి ఉంటే ఎంత చౌకైనా ముట్టుకోవద్దు.

ఎయిర్‌బ్యాగులు, సీటు బెల్టులు, బ్రేకు ప్యాడ్లు పాతవి కొనకండి, ఎవరు ఏ కండిషన్ రాసినా సరే. పాత బ్రేకు డిస్కు తప్పదంటే దాని మీద సాధారణంగా కనీస మందం అచ్చు వేసి ఉంటుంది, కొలిచి ఫొటో పంపమనండి.

డబ్బు విషయంలో ఒక్క సంగతి. రీఫండ్ పంపుతున్నా, క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టు అంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. అప్పటికే పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

పార్సిల్‌ను వీడియో తీస్తూ విప్పండి, అదే రోజు మెకానిక్‌కు చూపించండి. వాపసు గడువు దాటాక పార్టు పట్టుకుని షెడ్డుకు వచ్చేవాళ్లే ఎక్కువ. బిగించాక, సీలెంట్ పూసాక, ఎవరూ వెనక్కి తీసుకోరు.