శాండీల్ వేట నిషేధం వెనుక నలభై ఏళ్ల కథ

2024 మార్చి 26న ఇంగ్లండ్ పరిధిలోని ఉత్తర సముద్ర జలాల్లోనూ, స్కాట్లండ్ జలాలన్నిటిలోనూ శాండీల్ అనే చిన్న చేప వేట ఆగిపోయింది. యూరోపియన్ యూనియన్ దీనికి అభ్యంతరం చెప్పగా, తగాదా హేగ్‌లోని మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాకా వెళ్లి, 2025 వసంతంలో తీర్పు వెలువడింది. బ్రెగ్జిట్ తరువాతి వాణిజ్య ఒప్పందం కింద బ్రిటన్, యూరప్‌లు మధ్యవర్తుల ముందు నిలబడిన మొదటి వివాదం ఇదే. వార్తల్లో ఇది చేపల వాటాల గొడవగానే కనిపించింది గానీ, దీని మొదలు 1980లలో, స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో, పిల్లలు లేకుండా మిగిలిపోయిన సముద్రపక్షుల గూళ్ల దగ్గర ఉంది.

శాండీల్ జానెడు పొడవుండే సన్నని వెండి రంగు చేప. పేరులో ఈల్ ఉన్నా ఇది మలుగు జాతిది కాదు. రాత్రిళ్లూ, చలికాలం దాదాపు మొత్తమూ సముద్రం అడుగున ముతక ఇసుకలో పూడుకుని ఉంటుంది. వసంతం రాగానే పగటిపూట పైకి వచ్చి, నలకంత ఉండే కోపిపాడ్ జీవులను మేసి కొవ్వు పట్టిస్తుంది. సరిగ్గా అదే కాలంలో కొండచరియల మీద పక్షులు గుడ్లు పొదిగి పిల్లలను సాకుతుంటాయి. ఈ చేపను మనుషులు సాధారణంగా తినరు. దీన్ని పట్టేది చేపపొడికీ, చేపనూనెకూ. అవి పందుల, సాల్మన్ చేపల మేతలోకి పోతాయి. మేతలో చేపపొడికి ఉన్న విలువ ఏమిటో గోదావరి జిల్లాల రొయ్యల రైతులకు వేరే చెప్పనక్కర లేదు. 1950లలో మొదలైన ఈ వేట ఎక్కువగా డెన్మార్క్ పడవల చేతిలో పెరిగి, 1997, 1998లలో ఏటా సుమారు 10 లక్షల టన్నులకు చేరింది. 2003 నాటికి అందులో మూడో వంతు దొరకడమే కష్టమైంది.

షెట్లాండ్ దగ్గర వేట 1974లో మొదలైంది. 1984 నుంచి 1990 దాకా అక్కడి ఆర్కిటిక్ టెర్న్ పక్షులు గుడ్లు పెడుతూనే ఉన్నా, రెక్కలొచ్చి ఎగిరిన పిల్లలు దాదాపు లేవు. టెర్న్ నీటి పైపొరలోని చేపను మాత్రమే అందుకోగలదు. లోతుకు మునిగే శక్తి దానికి లేదు. చేప పలచబడితే మొదట దెబ్బతినేది ఇలాంటి పక్షులే. 1991లో అక్కడి వేటను మూసేశారు, ఆ ఏడే చిన్న శాండీళ్లు విరివిగా కనిపించాయి, టెర్న్‌లు మళ్లీ పిల్లలను లేపాయి. వేట ఆపడం వల్లనే ఇలా జరిగిందని చెప్పుకుంటే కథ సులువుగా ముగిసేది. కాని షెట్లాండ్‌కు చేరే శాండీల్ పిల్లలు చాలావరకు దక్షిణాన ఉన్న ఆర్క్‌నీ దీవుల వైపు నుంచి ప్రవాహాల్లో కొట్టుకొస్తాయనీ, అవి రాని ఏళ్లలో పడవలు ఉన్నా లేకున్నా కొరత తప్పదనీ పరిశోధకులు గుర్తించారు. వేటదా తప్పు, సముద్రానిదా అన్న వాదన అక్కడే పుట్టి, ఇప్పటిదాకా తెగలేదు.

రెండో అధ్యాయం స్కాట్లండ్ తూర్పు తీరంలోని ఐల్ ఆఫ్ మే దీవిది. ఈ దీవి పక్షులను 1970ల నుంచి ఏటా లెక్కిస్తున్నారు కనుక, దగ్గరలోని వీ బ్యాంకీ అనే ఇసుకమేట మీద 1990లో వేట మొదలైనప్పుడు పోల్చడానికి పాత లెక్కలు సిద్ధంగా ఉన్నాయి. కిట్టివేక్ అనే సముద్రపు గల్ పక్షి, టెర్న్ లాగే పైపొర మీద బతికేది, వేట సాగిన ఏళ్లలో తక్కువ పిల్లలను పెంచింది. చలికాలం వెచ్చగా గడిచిన ఏళ్ల తరువాత కూడా తక్కువ పిల్లలనే పెంచింది. రెండు దెబ్బలూ ఒకదానిపై ఒకటి పడుతున్నాయని అర్థమైంది. 2000లో స్కాట్లండ్ తూర్పు తీరం నుంచి ఇంగ్లండ్ ఈశాన్య తీరం వరకు ఒక పట్టీని వేటకు మూసేశారు.

మూసేసిన నాలుగేళ్లకు, 2004లో, ఆ తీరం పొడవునా పక్షులు పిల్లలను పెంచడంలో ఘోరంగా విఫలమయ్యాయి. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో ఎక్కువ నేర్పింది ఆ ఏడే. గిలెమాట్ పక్షి గూడు కట్టదు. కొండచరియలోని రాతి అరుగు మీద ఒకే గుడ్డు పెడుతుంది. పిల్లకు తిండి తెచ్చేటప్పుడు ఒక్కో ప్రయాణానికి ఒక్క చేపనే, తల లోపలికీ తోక బయటికీ ఉండేలా ముక్కులో నిలువునా పట్టుకొస్తుంది. 2004లో తల్లిదండ్రులు తెచ్చిన చేపల సంఖ్యా, పరిమాణమూ అంతకు ముందు ఏళ్ల కంటే పెద్దగా తగ్గలేదు. అయినా పిల్లలు చిక్కిపోయాయి. అరుగుల మీద జారిపడిన చేపలను ఏరి పరీక్షిస్తే, అప్పుడు ప్రధాన ఆహారమైన స్ప్రాట్ చేపల్లోనూ, శాండీళ్లలోనూ ఉండవలసిన కొవ్వు లేదని తేలింది. కడుపు నిండుతోంది గానీ ఒంటికి పట్టడం లేదన్నమాట.

అదే కాలంలో పైప్‌ఫిష్ అనే చేప ఒక్కసారిగా పెరిగింది. ఇది సముద్రపు గుర్రానికి దాయాది; ఒళ్లంతా ఎముక పలకలు, మాంసం నామమాత్రం. మంచి చేప దొరకని పక్షులు దీన్నే మోసుకొచ్చాయి. మింగలేక గొంతులో అడ్డం పడి చచ్చిన పిల్లలు కొన్ని, పక్కన తినకుండా పడేసిన పైప్‌ఫిష్ కుప్పల మధ్య ఆకలితో చచ్చినవి కొన్ని. 2007లో ఐల్ ఆఫ్ మే మీద ఇంకో దృశ్యం కనబడింది. మామూలుగా తల్లిదండ్రుల్లో ఒకరు పిల్ల పక్కనే కాపలా ఉంటారు. తిండి కోసం ఇద్దరూ దూరం పోవలసి వచ్చేసరికి, ఒంటరిగా మిగిలిన పిల్లలను ఇరుగుపొరుగు గిలెమాట్‌లే పొడిచి అరుగు మీద నుంచి తోసేశాయి. షెట్లాండ్‌లో శాండీల్ తగ్గిన ఏళ్లలో గ్రేట్ స్కువా పక్షులు కిట్టివేక్‌లనే వేటాడి తిన్నాయి.

బతికి రెక్కలొచ్చిన పిల్లలకు కూడా ఈ లోటు అక్కడితో తీరిపోదు. కిట్టివేక్ పిల్లలను అలాస్కా పరిశోధకులు అరకొర తిండితో పెంచి చూసినప్పుడు, వాటి రక్తంలో ఒత్తిడి హార్మోను పెరిగిందనీ, అవి పెద్దయ్యాక తిండి ఎక్కడుందో నేర్చుకోవడంలో వెనకబడ్డాయనీ తేలింది.

ఎంత చేప వదిలేస్తే చాలు అన్న ప్రశ్నకు 2011లో ఒక అంచనా వచ్చింది. 7 సముద్ర ప్రాంతాల్లో 14 పక్షిజాతుల గణాంకాలను కలిపి చూడగా, ఆహారపు చేప గరిష్ఠ నిల్వలో మూడో వంతుకు దిగువకు పడినప్పుడు దాదాపు ప్రతిచోటా సంతానోత్పత్తి జారిపోతోందని కనిపించింది. ఈ సంఖ్యను నిషేధం కోరినవారు తరచూ ఎత్తి చూపారు. ఇది సగటు హద్దే తప్ప, చేపలో కొవ్వు ఉందా లేదా అన్నది చెప్పదు.

ఇంతలో బ్రిటన్, ఐర్లండ్‌లలో కిట్టివేక్‌ల సంఖ్య రెండు దశాబ్దాల్లో నలభై శాతానికి పైగా తగ్గింది, 2021, 2022లలో బర్డ్ ఫ్లూ ఇతర జాతులనూ చావుదెబ్బ కొట్టింది. 2024 నిషేధం ఆ నేపథ్యంలో వచ్చింది. డెన్మార్క్ జాలర్ల నష్టాన్ని ఎత్తిచూపుతూ, అంత విస్తీర్ణం మూయడానికి శాస్త్రీయ ఆధారం చాలదని యూనియన్ వాదించింది. మధ్యవర్తులు శాస్త్రీయ ఆధారాన్ని ఒప్పుకున్నారు, స్కాట్లండ్ నిర్ణయాన్ని నిలబెట్టారు. ఇంగ్లండ్ విషయంలో మాత్రం, వాణిజ్య ఒప్పందం కింద యూనియన్‌కు ఉన్న తాత్కాలిక వేటహక్కులను తూకం వేసి చూడలేదని తప్పు పట్టారు. అయితే నిషేధాన్ని ఎత్తేయమని చెప్పలేదు, బ్రిటన్ ఎత్తేయనూ లేదు.

పడవలు ఆగినా సముద్రం వేడెక్కడం ఆగలేదు. చల్లని నీటి కోపిపాడ్‌లు తగ్గి, వెచ్చని నీటి రకాలు వాటి స్థానంలోకి వస్తున్నాయి. చాలా చేపలు ఇలాంటప్పుడు ఉత్తరానికి జరుగుతాయి. శాండీల్‌కు ఆ వెసులుబాటు అంతగా లేదు: అది పూడుకోవడానికి తగిన ముతక ఇసుక కొన్ని మేటల మీదే ఉంటుంది, ఆ మేటలు కదలవు.